అప్‌డేట్: హువారాజ్‌లో తలనొప్పి తగ్గింది, ఊరు మారక్కర్లేకపోయింది

లిమా నుంచి రాత్రి బస్సులో నేరుగా పెరూ కొండల్లోని హువారాజ్‌కి (సుమారు 3,050 మీటర్లు) వచ్చాక తలనొప్పి, నిద్ర పట్టకపోవడం గురించి అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. డాక్టర్ చూసి ఎత్తు వల్లేనన్నారు, తేలికపాటిదే. పనిచేసింది "రెండు రోజులు ఎక్కడికీ ఎక్కొద్దు" అన్న సలహానే. తోడుగా డాక్టర్ ఇచ్చిన అసిటజోలమైడ్ (ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి వాడే మాత్ర) 125 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. దీనికి వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి, మూత్రం ఎక్కువొస్తుంది, కంగారొద్దు. సల్ఫా మందులు (ఒక రకం యాంటీబయాటిక్స్) పడనివాళ్లు మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి. కోకా టీ (ఎత్తు ఇబ్బందికి అక్కడివాళ్లు తాగే ఆకుల టీ) తాగినా, దిండు మార్చినా తేడా రాలేదు. మూడో రోజు విల్కకోచా చెరువు (సుమారు 3,700), అది తేలిగ్గా ఎక్కగలిగాకే లగూనా 69 అనే చెరువు (సుమారు 4,600). నడకలో తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా రాత్రనక వెంటనే కిందికి దిగిపోండి.