త్సో కర్‌లో నల్లమెడ కొంగ ఫొటో: ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?

బుల్లెట్ బాబు:
జూన్ రెండో వారంలో నలుగురం హైదరాబాద్ నుంచి లద్దాఖ్ వెళ్తున్నాం, బైకుల మీద. త్సో కర్ సరస్సు దగ్గర ఒక రాత్రి టెంట్. నల్లమెడ కొంగ ఫొటో ఎలాగైనా కొట్టాలి. నా లెన్స్ 300 ఎంఎం మాత్రమే. బైక్ గడ్డిలోకి దింపి గూటి దాకా వెళ్లొచ్చా? డ్రోన్ కూడా ఉంది.

చెరువుగట్టు:
జూన్ అంటే గుడ్లు, పిల్లల టైమ్ బ్రదర్. అది అభయారణ్యం, పైగా సరిహద్దు జిల్లా. డ్రోన్ ఇంట్లో పెట్టి రా. భూటాన్‌లోని ఫోబ్జికా లోయలో ఈ పక్షులు తగులుకుంటాయని కరెంటు తీగల్నే భూమిలోంచి లాగారు. నువ్వు ఒక పెద్ద లెన్స్ అద్దెకి తెచ్చుకోలేవా?

పాత సూపర్‌వైజర్:
తమ్ముడూ, మాది నరసరావుపేట. ఆ చుట్టుపక్కల రోడ్డు పని క్యాంపులో రెండు సీజన్లు చేశాను. పక్షుల పుస్తకాలు చదివినవాణ్ని కాదు, చూసింది చెప్తా.

అక్కడ సరస్సులు రెండు. త్సో కర్ ఉప్పుది, ఒడ్డంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. దక్షిణాన చిన్నది, స్టార్ట్‌సాపుక్, మంచినీళ్లు. దాని చుట్టూ ఉన్న చిత్తడిలో, నీళ్ల మధ్య దిబ్బ చూసుకుని గూడు పెడతాయి. దాదాపు 4,500 మీటర్ల ఎత్తు. మామూలుగా రెండు గుడ్లు. ఆడా మగా వంతులేసుకుని నెల రోజులు పొదుగుతాయి. చుట్టూ నీళ్లున్నంతసేపే నక్క రాలేదు.

నక్క సంగతి అలా ఉంచు. అసలు ముప్పు కుక్క, దాన్ని పెంచింది మాలాంటివాళ్లం. మా వంటవాడు మిగిలిన అన్నం, మటన్ ఎముకలు టెంట్ వెనక పోసేవాడు. ఒక కుక్క అలవాటైంది. రాజు అని పేరు నేనే పెట్టా. పిల్లల్ని పెట్టాక ఆడదని తెలిసింది, పేరు మాత్రం మార్చలేదు. అక్టోబర్‌లో క్యాంపు ఎత్తేసి దిగిపోయాం. మళ్లీ వెళ్లేసరికి ఐదు కుక్కలు. ఒకరోజు పొద్దున్నే కొంగలు రెండూ ఒకటే అరుపు. చూస్తే రాజు గడ్డిలోంచి వస్తోంది, మూతికి గోధుమరంగు నూగు. నన్ను చూసి తోక ఊపింది.

2020లో త్సో కర్‌ని రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, 2021లో ఈ కొంగని లద్దాఖ్ పక్షిగా ప్రకటించారు. మంచిదే. కుక్కకి అవేవీ తెలియవు కదా.

నువ్వు నడిచొస్తుంటే పొదిగే కొంగ లేచి పక్కకి పోతుంది. గుడ్లు అలా బయటపడి ఉంటాయి. కాబట్టి రోడ్డు మీదే బండి ఆపు, అక్కణ్నుంచి ఎంత కనిపిస్తే అంత. గడ్డిలో టైరు గాడి పడితే ఆ చలిలో మళ్లీ పూడటానికి ఏళ్లు పడుతుంది.

చెరువుగట్టు:
కుక్కలకి ఆపరేషన్లు చేయిస్తే సరిపోదా అన్నా?

పాత సూపర్‌వైజర్:
చేయించాలి. కానీ ఆపరేషన్ అయిన కుక్కకీ ఆకలేస్తుంది. ముందు చెత్త ఆగాలి.

బుల్లెట్ బాబు:
సరే అన్నా, డ్రోన్ క్యాన్సిల్. మా అమ్మ చికెన్ పచ్చడి కట్టిస్తోంది, ఎముకలుంటాయి. ఏం చెయ్యను?

పాత సూపర్‌వైజర్:
కవర్లో కట్టి లేహ్ దాకా మోసుకెళ్లు. తినేటప్పుడు ఎదురుగా కుక్క వచ్చి కూర్చుంటుంది. దాని కళ్లలోకి చూడకు, పెట్టకుండా ఉండలేవు.