సున్నం పడిన కన్ను, నొప్పి లేని కన్ను: ఆసుపత్రికి బయలుదేరే ముందు ఏం చేయాలి?

ప్రశ్న (మలక్‌పేట నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. గత ఆదివారం మా అత్తగారు తాంబూలం వేసుకుంటూ ఉండగా, పక్కనే కూర్చున్న మా 6 ఏళ్ల బాబు సున్నం ప్యాకెట్టును గట్టిగా నొక్కడంతో మూల చిట్లి, సున్నం నేరుగా వాడి కుడికంట్లో పడింది. కంగారులో తడి రుమాలుతో తుడిచాము. వీధి చివర మందుల దుకాణంలో చూపిస్తే ఎరుపు తగ్గడానికని ఏవో చుక్కలు ఇచ్చారు. అవి వేసుకుని ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి 45 నిమిషాలు గడిచాయి. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఇంట్లో నీళ్లతో ఎంతసేపు కడిగారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆయన పై రెప్పను తిరగేసి, దూదిపుల్లతో సున్నపు పలుకులను తీసి, సెలైన్ సీసాలు ఒకదాని తరువాత ఒకటి ధారగా పోయించారు. నల్లగుడ్డు పైపొర కొంత ఊడిందని, మందులతో మానుతుందని చెప్పారు. ఇప్పుడు బాబు కన్ను తెరుస్తున్నాడు.

ఇంకొక సంగతి కూడా అడగాలి. మా ఇంట్లోనే ఉన్న మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. ఎడమకంటి అంచున మెరుపులు మెరుస్తున్నట్టు, నల్లటి దోమలు ఎగురుతున్నట్టు కనబడుతోందని 2 రోజులుగా అంటున్నారు. నొప్పి లేదు కనుక దీపావళి వెళ్లాక చూపించుకుంటానంటున్నారు. ఆగవచ్చా? కంటి విషయంలో ఏది తెల్లారేదాకా ఆగుతుందో, ఏది ఆగదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (కంటి ఆసుపత్రిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నర్సు)

అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి చూడండి. ఆయన్ను ఈ పూటే తీసుకెళ్లండి. ఉన్నట్టుండి మొదలైన మెరుపులు, మచ్చలు రెటీనాకు, అంటే కంటి లోపల వెనకవైపు ఉండి బొమ్మను పట్టే పొరకు, చిరుగు పడిందనడానికి గుర్తు కావచ్చు. రెటీనాకు నొప్పి తెలియదు కనుకనే మనుషులు మోసపోతారు. చిరుగు దశలో దొరికితే చుట్టూ లేజర్ వేసి అక్కడితో ఆపుతారు. ఆ చిరుగులోంచి లోపలి నీరు దూరి రెటీనా ఊడడం మొదలైతే, ఒక పక్కనుంచి నల్లటి తెర దిగుతున్నట్టు కనబడుతుంది, అప్పుడిక పెద్ద ఆపరేషనే. చూపుకు కేంద్రమైన మధ్యభాగం కూడా ఊడిపోయాక ఆపరేషన్ బాగా జరిగినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు. రెండో కన్ను లోటును కప్పేస్తుంది కాబట్టి ఒక్కో కన్ను మూసి చూడమనండి. పరీక్షకు కంటిపాప విప్పారే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఆయన్ను బండి నడపనివ్వకండి. నొప్పి లేకుండా ఒక కంటి చూపు ఒక్కసారిగా పోయినా, అది కంటికి వచ్చిన పక్షవాతం లాంటిది కావచ్చు, గంటలు కూడా లెక్కే.

ఇక సున్నం. ఆమ్లం పడితే కంటి పైభాగంలోని మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు తామే అడ్డుగోడ అవుతాయి. సున్నం వంటి క్షారం అలా ఆగదు, కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. రెప్ప కింద ఒక్క పలుకు మిగిలినా అది గంటల తరబడి క్షారాన్ని వదులుతుంది. అందుకే బయలుదేరడం కంటే కడగడం ముందు. దెబ్బతిన్న కన్ను కిందికి వచ్చేలా తల వంచి, ముక్కు వైపునుంచి బయటికి పారేలా, రెప్పలు విప్పి పట్టుకుని, కనీసం 30 నిమిషాలు కుళాయి నీళ్లు పోయాలి. బిడ్డ ఏడుస్తాడు, పెనుగులాడుతాడు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు పోయాలి. నిమ్మరసం, ఆముదం, తల్లిపాలు, నెయ్యి ఏవీ వద్దు. దారిలో కూడా సీసాతో పోస్తూనే వెళ్లవచ్చు. కన్ను ఎర్రబడకుండా తెల్లగా పాలిపోయి ఉంటే తేలిక దెబ్బ అనుకోకండి, రక్తనాళాలే కాలిపోయాయేమోనని మేము ఎక్కువ భయపడేది అప్పుడే.

దీపావళి రాత్రి మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి ఏటా టపాసుల గాయాలతో పిల్లలు వస్తూనే ఉంటారు. కాల్చినవాళ్లే కాదు, దూరంగా నిలబడి చూసినవాళ్లు కూడా.

జవాబు 2 (జీడిమెట్లలో లేత్ మిషన్ల పర్యవేక్షకుడు)

నర్సమ్మ గారు చెప్పినదంతా నిజం. అయితే నీళ్లు పోయకూడని కన్ను కూడా ఒకటుంది. సుత్తితో ఉలిని కొడుతుండగా మా కుర్రవాడొకడి కంట్లో ఇనుప రజను దూరింది. పెద్ద నొప్పి లేదు, రక్తం లేదు. అద్దం ముందు నిలబెట్టి చూస్తే గుండ్రంగా ఉండవలసిన కంటిపాప ఒక వైపుకు లాగినట్టు, కన్నీటి బొట్టు ఆకారంలో ఉంది. అంటే గుడ్డుకు రంధ్రం పడిందన్నమాట. అటువంటప్పుడు కడగకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నది పైకి కనబడుతున్నా పీకకూడదు. మేము కాగితపు టీ కప్పును కన్ను చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేలా బోర్లించి, టేపు అంటించి, కూర్చోబెట్టి తీసుకెళ్లాము. మత్తు ఇచ్చి కుట్లు వేయవలసి రావచ్చు గనుక తిండీ నీళ్లూ ఇవ్వలేదు. స్కానింగు గదిలో, కంట్లో ఇనుము ఉందేమోనన్న మాట మనమే ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఎం.ఆర్.ఐ. అయస్కాంతం ఆ ముక్కను కంట్లోనే కదిలిస్తుంది. ఆ ఇనుము లోపలే తుప్పు పట్టినా చూపు పోతుంది. 40 రూపాయల రక్షణ కళ్లద్దాలు ఆ రోజు వాడి జేబులోనే ఉన్నాయి. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

జవాబు 3 (సికింద్రాబాద్ నుంచి)

మా అమ్మగారికి ఒక సాయంత్రం భరించలేని తలనొప్పి, వాంతులు మొదలైతే పైత్యమనుకుని మాత్ర వేసి పడుకోబెట్టాము. కన్ను ఎర్రబడిందని, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని ఆమె చెబుతూనే ఉన్నారు, మేము వినలేదు. అది కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే గ్లకోమా అని మర్నాడు తెలిసింది. వాంతులతో పాటు ఎర్రటి కన్ను, మసకచూపు ఉంటే అది కడుపు జబ్బు అనుకోకండి.

ప్రశ్న అడిగినవారి మాట (మర్నాడు)

నిన్న సాయంత్రమే నాన్నగారిని తీసుకెళ్లాము. రెటీనా పై అంచున చిరుగు ఉందని, ఇంకా ఊడలేదని చెప్పి రాత్రికే లేజర్ వేశారు. వారం తరువాత మళ్లీ రమ్మన్నారు. ఆయన ఈ ఉదయం గోడమీది క్యాలెండర్ ముందు నిలబడి కుడికన్ను మూసుకుని తిథులన్నీ పైకి చదివి వినిపించారు. మా అత్తగారు సున్నం ప్యాకెట్లు తీసేసి, బిగుతైన మూత ఉన్న గాజుసీసా పై అటకమీద పెట్టుకున్నారు.