సోలార్ పార్కులు వచ్చాక మన పిల్లలకు పని దొరికిందా? కర్నూలు, అనంతపురం, కడప వైపు వాళ్లు అనుభవాలు చెప్పండి

నన్నూరు_ఐటీఐ

అందరికీ నమస్కారం. కర్నూలులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఈ ఏడాదే పూర్తయింది. గని–శకునాల సోలార్ పార్కు పేరులో ఉన్న శకునాల ఊరు మా ఓర్వకల్లు మండలంలోనే ఉంది. 2017లో అది పూర్తయినప్పుడు నేను ఐదో తరగతి. ఒకేచోట వెయ్యి మెగావాట్లు, ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి అని బడిలో సారు చెబితే, పెద్దయ్యాక నా ఉద్యోగం అక్కడే అనుకున్నాను. మొన్న రెండుసార్లు గేటు దాకా వెళ్లాను. ఖాళీలు లేవన్నారు.

నాన్న బెంగళూరు వెళ్లమంటున్నారు. మేనమామ మూడు నెలల సోలార్ శిక్షణలో చేరమంటున్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లు, ఉండి బయటికి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గడివేముల_మేస్త్రి

తమ్ముడూ, ఆ పార్కు కట్టినవాళ్లలో నేనొకడిని. దాదాపు ఆరు వేల ఎకరాలు. పైన మట్టి, మూరెడు లోతు తవ్వితే రాయి. ముందు కంప కొట్టాం. తర్వాత గుంతలు వేసి, ఇనుప స్తంభాలు దించి కాంక్రీటు పోశాం. దాని మీద అడ్డకమ్మీలు, వాటి మీద సోలార్ ప్లేట్లు. నలభై లక్షలకు పైగా ప్లేట్లంటే ఎన్ని చేతులు కావాలో ఊహించుకో. ఒక్కో ప్లేటు ఇరవై కిలోలు దాటుతుంది, ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తేవాళ్లం. ఎండాకాలంలో పదింటికే ఆ ఇనుము ముట్టుకుంటే చేయి కాలేది. చేతికి గుడ్డ చుట్టుకుని బోల్టులు బిగించేవాళ్లం.

ఆ రోజుల్లో మా ఊళ్లో పని లేని మనిషి లేడు. బయటి రాష్ట్రాల కుర్రాళ్లకు గదులు అద్దెకిచ్చారు, ఇద్దరు ముగ్గురు మెస్సులు పెట్టారు. మా బావమరిది అప్పు చేసి ట్రాక్టరు కొన్నాడు. తర్వాత ఒక్కో బ్లాకు పూర్తవుతుంటే ఒక్కో ముఠాను పంపేశారు. కొన్ని నెలల్లో అంతా ఖాళీ. మా ముఠాలో పదకొండు మందిమి. ఇద్దరు మిగిలారు, ఒకరు కాపలాకు, ఒకరు గడ్డి కోయడానికి. ట్రాక్టరు వాయిదాలు మాత్రం ఇంకో నాలుగేళ్లు కట్టాడు మా బావమరిది.

తర్వాత నేను పాణ్యం వైపు పిన్నాపురం ప్రాజెక్టు పనికి వెళ్లాను. అక్కడ సోలారు, గాలిమరలతో పాటు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పథకం కూడా ఉంది. అదీ కట్టినన్నాళ్లే పని. ఈ లెక్క తెలియక మేం మోసపోయాం. నువ్వు తెలుసుకుని దిగు.

తాడిపత్రి_ప్లాంటు_ఇంజినీరు

మేస్త్రి గారు చెప్పింది నిజం. కారణం నేను చెబుతాను. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం 1650 మెగావాట్లు. అక్కడ బొగ్గు వ్యాగన్లు దించాలి, మిల్లుల్లో పొడి చేయాలి, బాయిలరు కనిపెట్టాలి, బూడిద ఎత్తాలి. ఇవన్నీ మూడు షిఫ్టులూ మనుషులు చేసే పనులే. సోలార్‌లో తిరిగే యంత్రం లేదు, మండేది లేదు. ప్లేటు మీద ఎండ పడితే కరెంటు వస్తుంది. ఇన్వర్టరు ఆ డీసీ కరెంటును ఏసీగా మారుస్తుంది, ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి పెంచుతుంది. నేను చూసే యాభై మెగావాట్లకు షిఫ్టులో ఉండే సాంకేతిక సిబ్బందిని రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కాపలాదారులు వేరే కాంట్రాక్టరు కింద ఉంటారు.

2024లో వచ్చిన రాష్ట్ర క్లీన్ ఎనర్జీ విధానంలో ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యమని రాశారు. ఆ మాట విన్న ప్రతి తండ్రీ తన బిడ్డకు పాతికేళ్ల ఉద్యోగం వస్తుందనుకుంటాడు. అందులో కట్టేటప్పటి పని ఎంత, కట్టాక నిలిచేది ఎంత అని విడదీసి చెబితే పిల్లలు ఏది నేర్చుకోవాలో తేల్చుకుంటారు. విడదీసి చెప్పాలి.

నన్నూరు తమ్ముడికి ఒక మాట. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలను నేను ఒకటే అడుగుతాను: సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, ఇరవై ప్లేట్లు కలిపితే చివర వోల్టేజి ఎంత? సగం మందికి తెలియదు. ఇంటి కరెంటుకు స్విచ్చు ఆపితే పోతుంది. ప్లేటుకు అలాంటి స్విచ్చు లేదు, వెలుతురు ఉన్నంతసేపూ అది కరెంటు ఇస్తూనే ఉంటుంది. స్ట్రింగులో, అంటే అలా కలిపిన ప్లేట్ల వరసలో, వెయ్యి వోల్టులు, కొత్త ప్లాంట్లలో పదిహేను వందల దాకా ఉంటుంది. లోడు మీద, అంటే కరెంటు పారుతూ ఉండగా, కనెక్టరు లాగితే నిప్పు తీగలా సాగుతుంది, అంత సులభంగా ఆరదు. అది తెలిసినవాడే మాకు కావాలి. హెచ్.టి. (ఎక్కువ వోల్టేజి) వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్లు, బ్రేకర్లు, రిలేలు నేర్చుకుంటే సోలార్‌లోనే కాదు, సబ్‌స్టేషన్లలోనూ పని దొరుకుతుంది.

ఎర్రగుంట్ల_73

థర్మల్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా ఇంట్లో ఇద్దరం బొగ్గు వైపు కాంట్రాక్టు కార్మికులం. పగలు సోలార్ కరెంటు వచ్చే వేళ థర్మల్ యూనిట్లు తగ్గించి నడుపుతారు, సాయంత్రం మళ్లీ పెంచుతారు. యూనిట్ ఆగితే పర్మనెంటు ఉద్యోగికి జీతం ఆగదు. మా హాజరు ఆగుతుంది. బూడిద లారీల మీద, ఇటుక బట్టీల మీద బతికేవాళ్లదీ ఇదే పరిస్థితి. సోలార్ వద్దని నేను అనడం లేదు. మా ఇంటి మీదా పెట్టించాలనే ఉంది. కానీ ఇరవై ఏళ్లు బొగ్గు దుమ్ములో పనిచేసిన మనిషిని కొత్త పనిలో ఎక్కడ కూర్చోబెడతారో ఇంతవరకు మాతో ఎవరూ మాట్లాడలేదు.

కదిరి_డిగ్రీ_అమ్మాయి

మాది నంబులపూలకుంట వైపు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడ 2016 నుంచి ఎన్‌టీపీసీ ప్లాంటు ఉంది, చుట్టుపక్కల వేరేవాళ్లవీ ఉన్నాయి. మా అమ్మ వాటిలో ఒకదానిలో ప్లేట్లు కడిగే పనికి వెళ్తుంది. ఈ పని గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను.

తెల్లవారుజామున మూడున్నరకు ఆటో వస్తుంది. ఎండెక్కాక ప్లేటు పెనంలా కాగుతుంది. దాని మీద చల్లని నీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు. అందుకే చీకట్లోనే కడగాలి. ట్యాంకరు ట్రాక్టరు వరసల మధ్య మెల్లగా కదులుతుంటే ఒకరు పైపు పట్టుకుంటారు, వెనక ఇద్దరు పొడవాటి కర్ర చివర రబ్బరు కట్టిన తుడుపుతో పైనుంచి కిందికి ఒక్కసారి లాగాలి. రెండోసారి లాగితే చార పడుతుందని సూపర్‌వైజరు కేక వేస్తాడు. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ, ఆరితే తెల్లమరకలు పడతాయి. అందుకని ఆ నీళ్లను శుద్ధి చేసి తెస్తారు. అమ్మ ఒకసారి అంది: "మనం తాగే నీళ్లకంటే అవే తేటగా ఉన్నాయి."

అంతకుముందు అమ్మ వేరుశనగ కలుపుకు, కాయలు ఒలవడానికి వెళ్లేది. అది ఏడాదికి మూడు నాలుగు నెలలు, వాన కురిస్తేనే. ఇది నెలనెలా వస్తుంది. ఆ డబ్బుతోనే నా డిగ్రీ మూడేళ్లూ గడిచాయి. అందుకే ఈ పనిని ఎవరైనా చిన్నచూపు చూస్తే నాకు కోపం వస్తుంది. పోయిన ఏడాది నుంచి కొన్ని వరసల్లో నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే రోబోలు పెట్టారు. నీళ్లు మిగులుతాయి, అది మంచిదే. కానీ ఇరవై రెండు మంది ఆడవాళ్లు పద్నాలుగు మంది అయ్యారు. ఆ రోబోకూ బ్యాటరీ మార్చాలి, బ్రష్షు మార్చాలి. అది మా ఊరి ఆడవాళ్లకు నేర్పితే చేయలేరా?

మైలవరం_జొన్నచేను

భూమి సంగతి కూడా రాయాలి. మాకు మూడెకరాల డి.కె.టి. పట్టా, అంటే సాగుకు ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా, ఉండేది. పార్కుకు తీసుకున్నారు, పరిహారం వచ్చింది, ఆలస్యంగానైనా వచ్చింది. కానీ మా పక్కనే ముప్పై ఏళ్లుగా సాగు చేసుకుంటున్న ఒక కుటుంబానికి కాగితం లేదు, ఏమీ రాలేదు. గొర్రెలు మేపేవాళ్లకు కంచె పడిన రోజే మేత పోయింది. మా ఊళ్లో రెండు మందలు అమ్మేశారు.

మెగావాటుకు ఐదారు ఎకరాలు పోతాయి. ఆ ఐదారు ఎకరాల మీద ఎంతమంది కూలికి వెళ్లేవారో, ఇప్పుడు ఎంతమందికి పని ఉందో కూడా లెక్కలో రావాలి. కౌలుకు భూమి ఇస్తే పట్టాదారుకు ఏటా డబ్బు వస్తుంది. ఆ చేనులో కూలి చేసినవాళ్లకు అందులో వాటా లేదు.

ప్రొద్దుటూరు_మిద్దె_సోలార్

ఇంతవరకు పార్కుల గురించే మాట్లాడారు. నిలకడగా పని దొరికేది మిద్దెల మీద అని నా అనుభవం. 2024 ఫిబ్రవరిలో ఇంటి మిద్దె సోలార్‌కు రాయితీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ మొదలయ్యాక నా పని మూడింతలైంది. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి కాబట్టి ఎండాకాలం ఏసీ వాడే ఇంటికి బాగా కలిసివస్తుంది. మూడు కిలోవాట్లు పెట్టడానికి నలుగురికి రెండు రోజులు పడుతుంది. ఆ మూడు కిలోవాట్లే పార్కులో అయితే ఇద్దరు గంటలో బిగించేస్తారు. అందుకే మెగావాటుకు లెక్కేస్తే మిద్దె మీద పనే ఎక్కువ మందికి కూడు పెడుతుంది.

ఇబ్బందులూ దాచను. నెట్ మీటరు (ఇంటి నుంచి గ్రిడ్‌కు వెళ్లే కరెంటు, గ్రిడ్ నుంచి వచ్చే కరెంటు రెండూ లెక్కించేది) రావడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది, అప్పటిదాకా ఇంటివాళ్లు మమ్మల్నే తిడతారు. నేను ఆరుగురు కుర్రాళ్లను తీసుకుంటే ముగ్గురు మానేశారు, మే నెలలో మిద్దె మీద నిలబడలేక.

పోయిన నెల ఒక ఇంటికి వెళ్లాను. వేరేవాళ్లు బిగించి ఏడాదైంది. కనెక్టరు కరిగి నల్లగా బొగ్గైపోయింది. తీగను కనెక్టరులో గట్టిగా నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్టు లేక కటింగ్ ప్లయరుతో నొక్కేశారు, లోపల తీగ వదులై వేడెక్కింది. కింద ఎర్త్ తీగ గొయ్యి దాకా వెళ్లనే లేదు, మట్టిలో గుచ్చి వదిలేశారు. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పని తెలిసిన పిల్లలు లేకపోవడం వల్ల జరుగుతున్నది ఇది.

తమ్ముడూ, మీ మామ చెప్పింది కేంద్ర ప్రభుత్వ సోలార్ శిక్షణ సూర్యమిత్ర అయితే చేరు. 2015 నుంచి నడుస్తోంది, ఆరు వందల గంటలు, ఐటీఐ ఎలక్ట్రీషియన్లకు అర్హత ఉంది. కాగితం కోసం కాకుండా చేతికి పని వచ్చేలా నేర్చుకో. తర్వాత నా దగ్గర ఏడాది చేయి, జీతం ఇస్తాను. వైర్‌మన్ పర్మిట్‌కు కూడా దరఖాస్తు పెట్టు.

నన్నూరు_ఐటీఐ

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. మేస్త్రి అన్న రాసిన ట్రాక్టరు సంగతి దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. శిక్షణలో చేరడానికి ఒప్పుకున్నారు, ఆ తర్వాత ప్రొద్దుటూరు. ఇంజినీరు గారూ, మీ ప్రశ్నకు జవాబు: ఒక్కో ప్లేటు నలభై అయిదు వోల్టులైతే ఇరవైకి తొమ్మిది వందలు. సరేనా?

తాడిపత్రి_ప్లాంటు_ఇంజినీరు

సరే. కానీ డిసెంబరు పొద్దున చలికి ప్లేటు వోల్టేజి ఇంకా పెరుగుతుంది, తొమ్మిది వందల దగ్గర ఆగదు. ఆ పెరిగేది ఎంతో ప్లేటు వెనక అంటించిన చీటీలో వివరాలు చూసి లెక్కగట్టడం శిక్షణలో మొదటి వారమే అడిగి నేర్చుకో. చేతికి కడియం, ఉంగరం ఉంటే ఇంట్లో పెట్టి వెళ్లు.