క్యాన్యులా బ్లాక్ కాకుండా హెపారిన్ వేయాలా, ఉత్త సెలైన్ చాలా?

అమలాపురం సిస్టర్: మా నర్సింగ్ హోమ్‌లో పన్నెండు గంటలకోసారి ఇంజెక్షన్ పడేవాళ్ళే ఎక్కువ. రెండు ఇంజెక్షన్ల మధ్యలో చేతి నరంలో ఉంచిన క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం, లైన్ అంటాం) గడ్డకట్టి మూసుకుపోకుండా, హెపారిన్ అనే రక్తం గడ్డకట్టనివ్వని మందు కలిపిన సెలైన్ ఎక్కిస్తాం. కొత్తగా వచ్చిన డాక్టరుగారు ఉత్త ఎన్‌ఎస్ (మామూలు సెలైన్) చాలు, హెపారిన్ ట్రేలోంచి తీసేయండి అంటున్నారు. తెల్లారి లైన్ బ్లాకైతే నరం వెతుక్కునేది, మాటలు పడేది మేమే కదండీ. మీ దగ్గర ఏం చేస్తున్నారు?

కాకినాడ ఫార్మసిస్ట్: మీ డాక్టరుగారి మాటే కరెక్ట్ సిస్టర్ గారూ. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 1991లో, మళ్ళీ 1998లో లెక్క కట్టారు. మిల్లీలీటరుకు 10 యూనిట్ల హెపారిన్ వేసినా, సెలైన్ వేసినా చేతి లైన్ నిలిచే కాలంలో తేడా కనిపించలేదు. డయాలసిస్ క్యాథెటర్ సంగతి వేరు, దాన్ని ఇందులో కలపకండి.

నాకు భయం వయల్ (మందు సీసా) దగ్గర. 5 ఎం.ఎల్. వయల్‌లో 25,000 యూనిట్లు ఉండేదీ దొరుకుతుంది. అంటే మిల్లీలీటరుకు 5,000. దాన్ని మిల్లీలీటరుకు 10 యూనిట్లకి దించాలంటే 500 రెట్లు పలచన చేయాలి. రాత్రి డ్యూటీలో, పేషెంట్లు పిలుస్తుండగా! 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మిల్లీలీటరుకు 10 యూనిట్ల వయల్ అనుకుని 10,000 యూనిట్లది వాడితే ముగ్గురు నెలలు నిండని పసివాళ్ళు చనిపోయారు.

పాలకొల్లు హెడ్ నర్స్: అమెరికా కథలు సరే. మేం ఏళ్ళ తరబడి వాడాం, ఎవరికీ ఏమీ కాలేదు. పసుపు రంగు 24 నంబరు క్యాన్యులా పసిపిల్లకి మళ్ళీ పెట్టాలంటే ఎంత టెన్షనో కౌంటర్లో కూర్చునేవాళ్ళకి తెలీదు.

భీమవరం డ్యూటీ డాక్టర్: మేడమ్, వానాకాలం మన వార్డులు డెంగీతో నిండుతాయి కదా. ప్లేట్‌లెట్లు పడిపోతున్న మనిషికి హెపారిన్ ఎలా వేస్తాం? హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు ఒకటుంది, మామూలుగా మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది. ఫ్లష్‌లో, అంటే లైన్ మూసుకుపోకుండా సిరంజితో తోసేదాంట్లో, వాడే చిన్న డోసుతోనూ వచ్చిన కేసులున్నాయి. అరుదే, కాదనను. కానీ లాభం లేని చోట ఆ అరుదైనది మాత్రం ఎందుకు?

రాజమండ్రి నర్సింగ్ ట్యూటర్: ఏ మందు అన్నదానిమీదే కొట్టుకుంటున్నారు. లైన్ ఎక్కువగా బ్లాకయ్యేది ఫ్లష్ ఆలస్యం చేసినప్పుడు, లేదా చివర్లో రక్తం వెనక్కి లాగినప్పుడు. మందు అవగానే ఫ్లష్ చేయాలి. కొంచెం తోసి ఆపి, మళ్ళీ తోయాలి. సిరంజి పూర్తిగా ఖాళీ చేయకండి, అడుగున అర ఎం.ఎల్. ఉండగా, ఇంకా తోస్తూనే క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్) వేయండి. క్లాంప్ లేకపోతే తోస్తూనే సిరంజి తీయండి. గట్టిగా ఉందని బలం పెట్టి తోయడం మాత్రం వద్దు.

ఇంకో మాట, ఇది కాస్త చేదుగా ఉంటుంది. 500 ఎం.ఎల్. బాటిల్‌కి సూది గుచ్చి, పొద్దుటినుంచి వార్డు మొత్తానికి అందులోంచే లాగడం చాలాచోట్ల చూశాను. ఒకరి నుంచి క్రిమి చేరితే అందరికీ పంచినట్టే. దాంట్లో హెపారిన్ ఉన్నా, లేకపోయినా ఒకటే.

లంక నుంచి ఒకడిని: ఆయ్, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా నాన్నకి క్యాన్యులా ఉంచే ఇంటికి పంపారు. రేపు పొద్దున మళ్ళీ పంటు దాటి రావాలి. అప్పటిదాకా ఉత్త సెలైన్‌తో ఆగుద్దా?

రాజమండ్రి నర్సింగ్ ట్యూటర్: సరిగ్గా ఫ్లష్ చేసి ఉంటే చాలావరకు ఆగుతుందండీ. తడవనివ్వకండి, ఆ చేత్తో బరువులు ఎత్తనివ్వకండి. ఎర్రబడినా, వాచినా, నొప్పి చేసినా రేపటిదాకా చూడకుండా దగ్గర్లో నర్సుతో తీయించేయండి. రోజుకొక్క ఇంజెక్షనే అయితే, మాత్రలకి మార్చొచ్చేమో డాక్టరుగార్ని అడగండి.

అమలాపురం సిస్టర్: మా బాటిల్‌కీ సూది గుచ్చే ఉంటుంది, నిజమే. ఒక్కసారికే వాడే 10 ఎం.ఎల్. సెలైన్ ఆంపుల్స్‌కి స్టోర్స్‌లో ఇండెంట్ (కావాలని చీటీ) పెడతాను. బాటిల్ ఉండగా ఇవెందుకని స్టోర్స్ వాళ్ళు అడుగుతారు. ఫార్మసిస్ట్ గారూ, వాళ్ళకి చూపించడానికి రెండింటి ఖర్చూ కాస్త లెక్కేసి పెడతారా?