ఆంటిగ్వాలో ఊళ్ల క్రికెట్ ఎక్కడ చూడొచ్చు?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు కరీబియన్ దీవి ఆంటిగ్వాలో మెడిసిన్ చదువుతున్నాడు. వచ్చే ఏడాది మొదట్లో వాడి దగ్గరికి వెళ్తున్నాను. బీచ్‌లు ఎలాగూ చూస్తాను, నాకు కావాల్సింది క్రికెట్. వాణ్ని అడిగితే ఐపీఎల్ స్కోర్లు చెప్తాడు!

లక్షకు అటూఇటూ జనం ఉన్న దీవి అది. 1974లో ఆండీ రాబర్ట్స్ వెస్టిండీస్‌కి ఆడాడో లేదో, వెనకే వివ్ రిచర్డ్స్, తర్వాత రిచీ రిచర్డ్‌సన్, కర్ట్లీ ఆంబ్రోస్ వరసపెట్టి వచ్చేశారు. సెయింట్ జాన్స్‌లోని పాత రిక్రియేషన్ గ్రౌండ్‌లోనే రిచర్డ్స్ 1986లో 56 బంతుల్లో టెస్టు సెంచరీ బాదాడు. బ్రయాన్ లారా టెస్టుల్లో 375, 400 నాటౌట్ కొట్టింది కూడా అక్కడే. స్టాండ్‌లో చికీ అనే డీజే పెట్టే డిస్కో మోత, ఆడవేషాల్లో గ్రేవీ అనే అభిమాని డాన్సులు... టీవీలో చూసినా పూనకం వచ్చేది. 2007 ప్రపంచకప్ కోసం నార్త్ సౌండ్‌లో కొత్త స్టేడియం కట్టారు కానీ, నాకైతే అందులో ఆ కళ కనిపించలేదు.

అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి. పాత గ్రౌండ్ లోపలికి ఇప్పుడు మామూలు జనాన్ని వెళ్లనిస్తారా? ఊళ్ల మధ్య లీగ్ మ్యాచ్‌లు ఏ నెలల్లో, ఏ రోజుల్లో జరుగుతాయి? కుర్రాళ్లకు ఇప్పటికీ క్రికెట్ పిచ్చి ఉందా, లేక ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపు మళ్లారా? సరదాగా వాళ్లతో కలిసి ఆడతానంటే రానిస్తారా?