అప్‌డేట్: ఇంట్లో తీసే ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు, కారణం దొరికింది

రాత్రిపూట ఎల్‌ఈడీ లైట్ల కింద తీసే ఫొటోల్లో అడ్డంగా ముదురు చారలు వస్తున్నాయని, ఎండలో అస్సలు రావట్లేదని ఇక్కడ అడిగాను కదా, అది తేలిపోయింది. టైమ్ తీసుకుని రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

కెమెరాని సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే సెన్సర్ (లోపల వెలుతురుని ఫొటోగా మార్చే చిప్) బానే ఉందన్నారు. సైలెంట్ షటర్ (చప్పుడు లేకుండా, షటర్ తెర కదలకుండా ఫొటో తీసే మోడ్) ఆపి చూడమని ఇక్కడ ఇచ్చిన సలహానే పనిచేసింది. ఆ మోడ్‌లో సెన్సర్ వరుస తర్వాత వరుసగా చదువుతుంది, ఈలోపు లైట్ వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి కొన్ని వరుసలకి వెలుతురు తక్కువ అందుతుంది, అదే చార. 50 హెర్ట్జ్ కరెంట్‌లో లైట్ ఇలా వెలిగి తగ్గడం సెకనుకి 100 సార్లు జరుగుతుంది, అందుకే మెకానికల్ షటర్ (నిజంగా కదిలే తెర) పెట్టి షటర్ స్పీడ్ 1/100 లేదా 1/50 సెకను చేశాక, అన్ని వరుసలకీ వెలుతురు సమానంగా అంది చారలు మాయమైపోయాయి. మీ దగ్గర 60 హెర్ట్జ్ అయితే 1/120, 1/60 ట్రై చేయండి.

డిమ్మర్ (వెలుతురు తగ్గించే స్విచ్) ఉన్న లైట్ మాత్రం ఇంకా మొండికేసింది, దాన్ని ఫుల్‌లో పెట్టాకే సెట్ అయింది. నీటి చుక్కల షూట్‌కి 1/100 సరిపోదు, చుక్క సాగిపోతుంది, అక్కడ గది చీకటి చేసి ఫ్లాష్ ఒక్కదానితోనే తీస్తున్నా, చాలా బాగా వస్తున్నాయి!

లెన్స్ మార్చడం, మెమరీ కార్డ్ ఫార్మాట్ చేయడం, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సెన్సిటివిటీ సెట్టింగ్) తగ్గించడం, వీటికీ చారలకీ సంబంధమే లేదు. ముందే తీసిన వాటిల్లో చారలు పోగొట్టడం నాకైతే కుదరలేదు, కొన్నిటిని బ్లాక్ అండ్ వైట్ చేసి ఉంచుకున్నా.