నాన్నగారి రిపోర్టులో ‘బిస్మత్ 3ఎ’ అంటే మూడో దశా?

ప్రశ్న (మర్రిపాలెం, విశాఖపట్నం):
నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. పచ్చకామెర్లు వస్తే మొదట పసరు మందు ఇప్పించాం. మలం సున్నంలా తెల్లబడి, ఒళ్లంతా దురదతో ఆయనకు రాత్రిళ్లు నిద్ర కరవయ్యాక ఆసుపత్రిలో చూపించాం. ఈఆర్‌సీపీ (నోటి ద్వారా గొట్టం పంపి, కాలేయం నుంచి పిత్తరసం తెచ్చే నాళాన్ని చూసే పరీక్ష) చేసి, బ్రష్‌తో తీసిన కణాలలో క్యాన్సర్ కనబడలేదన్నారు. ఎమ్మారై రిపోర్టులో మాత్రం పిత్తనాళ క్యాన్సర్ అనుమానం, బిస్మత్ 3ఎ అని ఉంది. దేన్ని నమ్మాలి?

జవాబు (పాథాలజిస్టు):
3ఎ అనేది దశ కాదండీ, బిస్మత్ అనే సర్జన్ పేరిట ఉన్న పద్ధతిలో గడ్డ ఎక్కడుందో చెప్పే గుర్తు. కాలేయం కుడి, ఎడమ భాగాల నుంచి వచ్చే రెండు పిత్తనాళాలు కాలేయ ద్వారం దగ్గర కలుస్తాయి. గడ్డ ఆ కలయికకు దిగువనే ఉంటే 1, కలయిక దాకా వస్తే 2, కుడి నాళంలోకి పాకితే 3ఎ, ఎడమ నాళంలోకైతే 3బి, రెండు వైపులా పాకితే 4. కాలేయంలో ఏ భాగం తీయాల్సి రావచ్చో సర్జన్ దీన్నిబట్టి ఆలోచిస్తారు. దశను టీఎన్ఎం పద్ధతిలో (గడ్డ ఎంత పాకింది, లింఫు గ్రంథులకు, దూర అవయవాలకు చేరిందా అన్నది చూసి) విడిగా లెక్కిస్తారు.

ఇక మీ రెండు రిపోర్టులకూ నిజానికి వైరుధ్యం లేదు. ఈ జబ్బులో గట్టి పీచు కణజాలం విపరీతంగా పెరుగుతుంది. మైక్రోస్కోపులో చూస్తే ఆ పీచు మధ్య క్యాన్సర్ గ్రంథులు అక్కడొకటి ఇక్కడొకటిగా, తరచు నరాల చుట్టూ అల్లుకుని కనిపిస్తాయి. బ్రష్ నాళం లోపలి పొరను మాత్రమే గీకుతుంది కనుక చాలామందిలో ఆ కణాలు చిక్కవు. అలాగని ఎమ్మారై అనుమానమే తుది మాట కాదు. ఐజీజీ4 (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) సంబంధిత వాపు కూడా నాళాన్ని అచ్చం ఇలాగే ఇరుకు చేస్తుంది, పైగా అది స్టెరాయిడ్లకు తగ్గుతుంది. ఆ రక్తపరీక్ష అయిందో లేదో తప్పక అడగండి.

మరో జవాబు (క్యాన్సర్ వైద్యుడు):
పిత్తనాళ క్యాన్సర్లను కాలేయం లోపలివి, కాలేయ ద్వారం దగ్గరివి, దిగువ నాళంలోవి అని మూడుగా విడదీస్తాం. రెండో రకాన్ని 1965లో వివరించిన వైద్యుడి పేరుతో క్లాట్‌స్కిన్ గడ్డ అంటారు. ఎక్కువమందిలో వచ్చేది అదే. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1 జన్యుమార్పులు ప్రధానంగా కాలేయం లోపలి చిన్న నాళాల రకంలో దొరుకుతాయి కనుక వాటికిచ్చే మాత్రల గురించి ఇప్పుడే ఆశ పెంచుకోవద్దు. ముందు ముక్క పరీక్ష (బయాప్సీ) తేలాలి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రెండో అభిప్రాయానికి ఎక్కడికెళ్లినా రిపోర్టు కాగితాలతో పాటు స్లైడ్లు, ఎమ్మారై సీడీ కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫైలంతా వెతికాను, ఐజీజీ4 పరీక్ష ఎక్కడా లేదు. రేపు పొద్దున్నే ఓపీలో అడుగుతాను.